ఫొటోలో టైర్లు సరే, బ్రేకు గొట్టం చూశారా?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ వాహనాల పేజీలో ఒక పాత పికప్ ఫొటో వేశారు. ముందు చక్రం ఒకటి బండరాయి ఎక్కి ఉంది, రెండోది గాల్లో వేలాడుతోంది. బండిని నాలుగు అంగుళాలు లేపి 33 అంగుళాల టైర్లు తొడిగితే పాత బండికి మళ్లీ వయసొచ్చినట్టేనని కింద రాశారు. మా అబ్బాయి ఆ పేజీ తెచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, మన బండి కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేది" అన్నాడు. కళ్లజోడు సవరించుకుని చూశాను. నా చూపు టైర్ల మీద ఆగలేదు. వేలాడుతున్న చక్రానికి వెనకగా కనబడుతున్న దాని బ్రేకు గొట్టం మీద ఆగింది. వంపు లేదు, వదులు లేదు, బట్టలారేసే తీగలా బిగుసుకుపోయి ఉంది. దాని గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే నా సొంత కథంతా బయటికొచ్చింది. కాస్త పొడుగైనా భరించండి.

నేను తేనెటీగలు పెంచుతాను. పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు తోలుకుపోవాలి. పగలు ఈగలు బయట తిరుగుతుంటాయి కాబట్టి మా ప్రయాణాలన్నీ రాత్రిపూటే. నిండిన పెట్టె 28 కిలోల దాకా తూగుతుంది, ఒక్కో విడతకు ఇరవై పెట్టెలు. బండి 1996 నాటిది. నాలుగు చక్రాల డ్రైవ్ ఉంది, ముందు టార్షన్ బార్లు, అంటే మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు, వెనక కమాన్ కట్టలు, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులు. దాంతో వచ్చిన టైర్ల కొలత 235/75 ఆర్15.

కొన్నేళ్ల కిందట వానల్లో ఒక మట్టిబాటలో దిగబడ్డాం. ట్రాక్టర్ల చక్రాలు రెండు పక్కలా లోతుగా కోసేసి మధ్యలో గట్టు మిగిల్చిన బాట అది. వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్, అంటే ఇంజిను తిప్పుడును రెండు చక్రాలకూ పంచే పళ్ల పెట్టె, వెళ్లి ఆ గట్టు మీద కూర్చుంది. చక్రాలు ఉత్తినే తిరిగాయి. పెట్టెలన్నీ దించి, తవ్వి, లాగించేసరికి తెల్లారింది, ఈగలు నిద్ర లేచాయి. వారం రోజులు అద్దంలో నా మొహం నాకే కొత్తగా ఉంది.

ఆ కోపంలో బండిని ఒక షెడ్డుకు తోలి మూడంగుళాలు లేపమన్నాను. వాళ్లు కాదనలేదు. వెనక ఇరుసుకూ కమాన్ కట్టకూ మధ్య మూడంగుళాల ఇనుప దిమ్మెలు పెట్టారు, ముందు టార్షన్ బార్ల బోల్టులు బిగించి ముక్కు పైకి లేపారు, 31×10.5 టైర్లు వేశారు. పొద్దున ఇచ్చిన బండి సాయంత్రానికి ఇంకో బండై వచ్చింది. నా ఛాతీ కూడా దాంతోపాటే రెండంగుళాలు పెరిగిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మళ్లీ వాన, మళ్లీ అదే బాట. డిఫరెన్షియల్ మళ్లీ గట్టును గీసుకుంటూ పోయింది. దిగి టార్చిలైటు వేసి చూశాను. గట్టు మీద నాగలి చాలు తీసినట్టు గీత. మూడంగుళాలు పెంచాం కదా, ఏమైనట్టు?

ఏమీ కాలేదు. ఛాసిస్ పైకి పోయింది, క్యాబిన్ పైకి పోయింది, తొట్టి పైకి పోయింది. ఇరుసు మాత్రం రెండు చక్రాల నడుమ ఎక్కడుందో అక్కడే ఉంది. స్ప్రింగులు మోసేది పైనున్న బండిని, ఇరుసును మోసేది టైరు. కాబట్టి వెనక డిఫరెన్షియల్ కింద ఖాళీ పెంచగలిగింది టైరొక్కటే, అదీ వ్యాసం పెరిగినదాంట్లో సగమే. లెక్క చూడండి. 235 మి.మీ. వెడల్పులో 75 శాతం అంటే టైరు గోడ ఎత్తు 176 మి.మీ. పైనా కిందా రెండు గోడలు, నడుమ 15 అంగుళాల రిమ్ము అంటే 381. మొత్తం 733 దాకా వస్తుంది. 31 అంగుళాల టైరు 787. తేడా 54, అందులో సగం 27 మి.మీ. ఇంత హంగామా చేస్తే ఇరుసు కింద నాకు దక్కింది బొటనవేలి వెడల్పు. అదే పాత టైరు తీసి మీ ఫొటోలో బండిలా 33 వేసినా దక్కేది 52 మి.మీ. మాత్రమే. ఛాసిస్, డీజిల్ ట్యాంకు, సైలెన్సర్ పైకి లేచిన మాట నిజమే. నా బండిలో ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి అదీ లేచింది. రాళ్ల దారిలో తిరిగేవాడికి అది లాభమే. నా కష్టం మాత్రం వెనక గట్టుతో.

అందుకే ఎవరైనా నన్నడిగితే మొదట టైరు తేల్చుకోమంటాను. ఆ టైరు ఎక్కడా రాసుకోకుండా తిరగడానికి ఎంత ఎత్తు కావాలో అంతే లేపండి, ఒక్క నూలు కూడా ఎక్కువొద్దు. జనం చేసేది తిరగేసి: ముందు కళ్లకు నచ్చినంత ఎత్తు లేపుతారు, తర్వాత మడ్‌గార్డు కింద ఖాళీ బోసిగా కనబడుతోందని దాన్ని నింపే టైరు వెతుక్కుంటారు. నేనూ అదే చేశాను.

దీనికన్నా ముందు చూడాల్సింది ఇంకోటుంది, దాన్ని మీ పేజీలో అసలు ప్రస్తావించలేదు. పాత బండి ఎన్నో ఏళ్లుగా కుంగుతూ వస్తుంది. చక్రం హబ్బు మధ్య నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి నాలుగు మూలలా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదలా గాలీ లెక్క పాడుచేస్తాయి, హబ్బు నుంచి కొలిస్తే ఆ గొడవ లేదు. నేను ఆ పని అంతా అయ్యాక చేశాను. దిమ్మెల మందం తీసేసి చూస్తే వెనక భాగం కంపెనీ పుస్తకంలో ఉన్నదానికన్నా 40 మి.మీ. కిందికుంది, ఎడమ పక్క ఇంకో 12 తక్కువ. అంటే నా బండి తన సొంత ఎత్తులోనే అంగుళంన్నర పోగొట్టుకుంది. అలసిపోయిన కట్ట కింద దిమ్మె పెట్టడమంటే నడుం వంగిన మనిషికి ఎత్తు చెప్పులు తొడగడం. కట్ట బలం రవ్వంత పెరగదు. పైగా ఇరుసు ఇప్పుడు కట్టకు ఇంకా దూరంగా వేలాడుతుంది కాబట్టి యాక్సిలేటర్ గట్టిగా తొక్కినప్పుడు దాన్ని మెలితిప్పే పట్టు ఇంకా పెరుగుతుంది, కట్ట పాములా వంకర పోతుంది. తడి ఎత్తు ఎక్కేటప్పుడు సీటు కింద దబదబమని కొట్టుకునేది, ఏమిటో అర్థమయ్యేది కాదు. వెనక దిమ్మెలు వాడే పద్ధతి లోకంలో ఉంది, కాదనను. కాని ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ముందు ఇరుసుకు అసలు పెట్టకూడదు, ఇరుసును కట్టకు పట్టి ఉంచే పాత యూ బోల్టులు మళ్లీ బిగించకూడదు. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది. కొత్తవి వేసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పానా పెట్టాలి.

ఇక ఆ రాత్రి సంగతి.

పూర్తి లోడుతో వస్తున్నాం. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా విరిగిపడిన కొమ్మ. బ్రేకు తొక్కాను. బండి ముక్కు నేలకు వంగింది, ముందు టైర్లు కీచుమన్నాయి, వెనక చక్రాలు మాత్రం తమకేం పట్టనట్టు తోసుకొచ్చాయి. కొమ్మ చివరి ఆకులు బంపరును తాకాక గాని ఆగలేదు. వెనక తొట్టిలో ఇరవై పెట్టెలు ఒక్కసారిగా ఝుమ్మన్నాయి. పక్కన కూర్చున్న అబ్బాయి చాలాసేపు నోరు విప్పలేదు.

మర్నాడు చాప పరుచుకుని బండి కిందికి దూరాను. వెనక ఇరుసు మీద నుంచి ఒక సన్నటి కడ్డీ వంగి వెళ్లి ఛాసిస్‌కున్న చిన్న వాల్వును పట్టుకుని ఉంటుంది. ఎన్నోసార్లు దానికి అంటిన బురద కడిగాను గాని అదేం చేస్తుందో ఎన్నడూ అనుకోలేదు. తొట్టిలో బరువు పడితే ఛాసిస్ కిందికి దిగి ఇరుసుకు దగ్గరవుతుంది, కడ్డీ వాల్వును నొక్కుతుంది, వెనక బ్రేకులకు నూనె ఒత్తిడి ఎక్కువ పోతుంది. బండి ఖాళీగా ఉంటే వెనక చక్రాలు జామై జారకుండా ఒత్తిడి తగ్గిస్తుంది. చాలా పాత పికప్‌లలో ఈ ఏర్పాటుంది. ఇప్పుడు ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య మూడంగుళాల దిమ్మె పెడితే ఏమవుతుంది? ఐదున్నర క్వింటాళ్లు వేసినా ఛాసిస్ పాత ఖాళీ బండి ఎత్తులోనే ఉంటుంది. తొట్టిలో ఏమీ లేదనుకుని వాల్వు వెనక బ్రేకులను సగం నిద్రలోనే ఉంచింది. షెడ్డుకు వెళ్లి అడిగితే ఆ కడ్డీని తామేమీ ముట్టుకోలేదన్నారు. ముట్టుకోకపోవడమే తప్పని వాళ్లకు చెప్పి లాభం లేదని వచ్చేశాను. లేపినంత మేరకు ఆ కడ్డీ బిగింపునూ పుస్తకం ప్రకారం మార్చాలి, లేదా దాని పట్టీని ఆ మేరకు జరపాలి. మీ బండికి అది ఉందో లేదో వెనక ఇరుసు పైకి ఒకసారి చూస్తే తెలిసిపోతుంది.

బ్రేకుల మీద పెద్ద టైరు భారం వేరే ఉంది. డ్రమ్మూ డిస్కూ పాతవే, టైరు మాత్రం ఏడు శాతం పెద్దది, కాబట్టి అదే తొక్కుడికి నేల దగ్గర పట్టు అంత మేర తగ్గుతుంది. బరువు కూడా ఉంది. తేనె డబ్బాలు తూచే కాటా మీద రిమ్ముతో సహా పెట్టి చూశాను: పాత చక్రం 23 కిలోలు, కొత్తది 31. మూట మోసినట్టు మోసే బరువు కాదది, తిప్పాల్సిన బరువు, ఆపాల్సిన బరువు.

ముందు పక్క కథ ఇంకోరకం. టార్షన్ బారు బోల్టు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. బారు అదే, బలం అదే. చక్రం చేయి ఎక్కడ నిలబడాలో ఆ చోటే మారుతుంది. చేయి ముందే కిందికి వాలి ఉంటుంది కాబట్టి గుంట వచ్చినప్పుడు చక్రం ఇంకా కిందికి జారడానికి చోటుండదు, ఠక్కుమని ఆపుడు దిమ్మకు తగులుతుంది. నా బండి చిన్న చిన్న గుంటలకే ఎగిరిపడేది. మూడంగుళాల కోసం బాల్ జాయింట్లు, ముందు యాక్సిల్ జాయింట్లు మరీ వాలిపోయిన కోణంలో పనిచేశాయి. ఎనిమిది నెలలకే కుడి పక్క రబ్బరు తొడుగు చిరిగి గ్రీజంతా రిమ్ము లోపల చిమ్మింది. అలైన్‌మెంటు చేసేవాడు ఉన్న బోల్టంతా తిప్పి, ఇంక తిరగదని చేతులెత్తేశాడు. ముందు టైర్లు ఒక పక్కే అరిగాయి. వందల వేల కిలోమీటర్లు తిరిగిన బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు, బుష్‌లు, బేరింగులు సరిచూడకుండా వాటికి పెద్ద చక్రం తగిలించడం ముసలి ఎద్దుకు పెద్ద కాడి కట్టడమే.

లైట్ల గురించి చెబితే నవ్వుతారు. ముక్కు లేచింది, వెనక లోడుతో ఇంకాస్త లేచింది. ఎదురొచ్చే ప్రతి లారీ డిప్పరు కొడుతుంటే నా బండి చూసి పలకరిస్తున్నారనుకున్నాను. రెండో రాత్రి ఒకాయన బండి ఆపి మరీ తిట్టాక గాని తెలియలేదు.

స్పీడు ముల్లు 80 చూపిస్తుంటే అసలు వేగం 86. మైలేజీ పడిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. మీటరు లీటరుకు 9 అంటే, పెద్ద టైరు లెక్కన తిరిగింది 9.6 పైచిలుకు. నాకు పదిచ్చే బండి తొమ్మిదికి పడిపోయిందని బాధపడ్డాను, అందులో సగానికి పైగా మీటరు అబద్ధమే. బండి ఊపు తగ్గింది మాత్రం అబద్ధం కాదు. నా బండి వెనక గేరు నిష్పత్తి 3.90, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.90 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. టైరు పెరిగేసరికి అది 3.63తో సమానమైంది. మూడో గేరులో ఎక్కే ఎత్తులు రెండో గేరు అడిగాయి. మళ్లీ పాత పట్టుకు దగ్గరగా రావాలంటే 4.10 పళ్ల జత వేయించాలి. నాలుగు చక్రాల డ్రైవ్ ఉంటే ముందూ వెనకా రెండు చోట్లా వేయించాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, నా నడుం ఒక ఎత్తు. వెనక డోరు దించితే తొట్టి అంచు నేలకు 78 సెంటీమీటర్లలో ఉండేది, లేపాక 88 అయింది. పది సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. చీకట్లో, తలకు వల వేసుకుని, 28 కిలోల పెట్టెను కుదపకుండా ఇరవైసార్లు ఆ పది సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తి చూడండి. పెట్టెలు రెండు వరసలు పేర్చితే మలుపుల్లో బండి తూలడం ఇంకో బహుమానం.

చివరికి ఏం చేశానంటారా? దిమ్మెలు పీకేశాను. నేను మోసే బరువుకు సరిపడా కొత్త కమాన్ కట్టలు వేయించాను. పోయిన అంగుళంన్నర తిరిగొచ్చింది, దాని మీద ఇంకో అంగుళం కలిసింది. కట్ట చివరను ఛాసిస్‌కు తగిలించే షాకిల్, కట్ట బుష్‌లు కొత్తవి. వాటి బోల్టులు బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే చివరిసారి బిగించాలి, జాకీ మీద ఉండగా బిగిస్తే బుష్ మెలిక పడి త్వరగా చస్తుంది. పొడుగు షాకిల్ వేయమని కొందరన్నారు. రెండంగుళాల పొడుగు పెంచితే వచ్చేది ఒక్క అంగుళం, పైగా ఇరుసు ముక్కు తిరిగి ప్రొపెల్లర్ షాఫ్ట్ మోత పెడుతుంది. వద్దన్నాను. ముందు టార్షన్ బార్లను దాదాపు పాత చోటికి దించి, ఒక్క అంగుళం ఉంచాను. షాకబ్జర్లు కొత్త పొడుగుకు సరిపోయేవి. టైర్లు 30×9.5, వ్యాసం 762 మి.మీ. ఇరుసు కింద దక్కింది 14 మి.మీ. మాత్రమే. ఫొటోకు పనికిరాదు. ముల్లు 80 దగ్గర అసలు 83, గేర్లు మార్చే పని లేదు, పాత 7 అంగుళాల రిమ్ములే సరిపోయాయి. టైరు పక్కన ఉండే బరువు అంకె చూసుకునే కొన్నాను: 104 అంటే ఒక్కో టైరు 900 కిలోలు మోస్తుంది, 108 అంటే 1000. తయారీ వారం కూడా చూశాను. నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అయిదోది, స్టెప్నీ కూడా అదే సైజు కొన్నాను. బురదలో నాలుగు చక్రాలూ లాగుతున్నప్పుడు ఒక్క చక్రం చిన్నదైతే లోపలి పళ్లు నలిగిపోతాయి.

కొత్త టైర్లు వేశాక షెడ్డు ముందు గుండ్రంగా తిప్పి చూస్తే చాలదు. ఒక చక్రాన్ని మిట్ట మీదికి ఎక్కించి స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు, స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూడాలి. రాసుకునేది అప్పుడే రాసుకుంటుంది. రిజిస్ట్రేషన్, బీమా వాళ్లు ఏ మార్పును ఒప్పుకుంటారో ముందే అడగడం మంచిది. ప్రమాదం జరిగాక అడిగితే వాళ్ల మొహాలు మారతాయి.

మరి గట్టు సంగతేమిటి? ఇప్పుడు ఆ బాటకు దిగే ముందు ఖాళీ బండైతే టైర్లలో గాలి 34 నుంచి 20కి దించుతాను. టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని పట్టు పెంచుకుంటుంది. డిఫరెన్షియల్ ఇంకో వేలు కిందికి దిగే మాట నిజమే, అందుకే ఒక చక్రాన్ని గాడిలో కాకుండా ఆ గట్టు మీదే నడుపుతాను. అప్పుడు ఇరుసు గట్టుకు తగలదు. ఈ ఉపాయం మొదటి రోజే తట్టి ఉంటే ఈ కథే లేదు. రోడ్డెక్కే ముందు చిన్న పంపుతో మళ్లీ గాలి నింపుతాను, పది నిమిషాల పని. లోడున్నప్పుడు మాత్రం గాలి దించను.

ఇప్పుడు మీ ఫొటో దగ్గరికి వస్తాను. స్ప్రింగులు పెరిగి చక్రం కిందికి జారే దూరం పెరిగింది, ఛాసిస్ నుంచి చక్రానికి వెళ్లే బ్రేకు గొట్టం మాత్రం పాత పొడుగే. చక్రం వేలాడినప్పుడల్లా దాని చివరి బిగింపుల మీద లాగుడు పడుతుంది. ఎన్నో ఏళ్లనాటి రబ్బరు అది, ఎక్కువసార్లు ఓర్చుకోదు. తెగితే ముందు బ్రేకు అక్కడితో సరి. ఆ బండి యజమానికి మీరు ఫోను చేయగలరు కదా. ఛాసిస్‌ను జాకీ మీద లేపి, ముందు చక్రాలు పూర్తిగా వేలాడనిచ్చి, స్టీరింగు రెండు చివర్లకూ తిప్పి ఆ గొట్టాన్ని చేత్తో పట్టుకుని చూడమనండి. వదులు లేకపోతే పొడుగు గొట్టం వేయించుకోవాలి, లేదా ఛాసిస్ దగ్గర దాని పట్టీని కిందికి దించుకోవాలి. గంట పని కూడా కాదు. మొదట చూడాల్సింది ఫొటోలో ఎడమ ముందు చక్రం. ఆయన మళ్లీ ఏ బండరాయో ఎక్కించేలోగా ఈ మాట చేరవేయండి.

ఇట్లు,
తేనెటీగలు పెంచుకునే మీ పాఠకుడు